ఉలవపాడు స్టేషన్ మోడల్: మూడో నెల సంగతులు

ఈ నెల పట్టాలు అతికించడం అయింది, కంకర సగం పడింది, మామిడితోట మొదలైంది. స్టేషన్ బిల్డింగ్ జోలికి ఇంకా పోలేదు.

ముందు కొలతల గొడవ. నాది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు దాంట్లో 87వ వంతు. గూడ్స్ బండి పట్టే లూప్ లైను (మెయిన్ లైను పక్కన బండి ఆగే పట్టా) 686 మీటర్లు అనుకుంటే ఇక్కడ దాదాపు 8 మీటర్లు కావాలి, మా వసారా మొత్తం ఇచ్చినా చాలదు. అందుకే 2 మీటర్లకు కుదించేశా. పాత ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) రకం రైలు పెట్టె ఒక్కోటి 24.5 సెంటీమీటర్లు వస్తుంది, నాలుగు పెట్టెలూ ఇంజనూ నిలబడితే చాలు. కరెంటు స్తంభాల మధ్య లెక్క ప్రకారం 83 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు గానీ అలా పెడితే బోసిగా ఉంది, 45కి ఒకటి పాతా. మూడో లైను పెట్టడం లేదు, నా స్టేషన్ అది రాకముందుది.

కంకర దగ్గర బాగా దెబ్బతిన్నా. ఫెవికాల్ చిక్కగా పోసేసరికి పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే కదిలే పట్టాలు) బిగుసుకుపోయి ఒకటి పనికిరాకుండా పోయింది. ఇప్పుడు చేస్తున్నది ఇదీ: క్వారీ డస్ట్‌ని టీ జల్లెడలో జల్లించి, కిందికి దిగినదాన్ని పల్చటి గుడ్డలో ఇంకోసారి జల్లించి మెత్తటి పొడి తీసేయడం, పాయింట్ల మీద టేపు వేసి కంకర పరవడం, సబ్బునీళ్లు చిలకరించి, ఫెవికాల్ సగం నీళ్లు సగం కలిపి సిరంజితో చుక్కలు వేయడం. రాత్రంతా ముట్టుకోకూడదు, నేను ముట్టుకున్నా.

చెట్లకు ఎండిన వెంపలి కొమ్మలు వాడుతున్నా, పైన రంగు పట్టించిన స్పాంజి తురుము. వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసే మనుషులు పుడతారంటారు కదా, నా ప్లాట్‌ఫాం మీద రెండు సెంటీమీటర్ల వాళ్లు పుట్టేశారు. కాయలకు ఆవాలు సరిగ్గా కుదిరాయి, 12 సెంటీమీటర్ల బంగినపల్లి ఈ స్కేలులో 1.4 మిల్లీమీటర్లే మరి.

మా నాయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "యాందిరా ఈ కాపు, కొమ్మ విరగదా?" అన్నాడు. సగం ఆవాలు పీకేశా.