సోమవారం రాత్రి నాకు ఫోన్ చేయకండి

మా స్టాఫ్‌రూమ్‌లో బిగ్ బాస్ చూస్తామని బాహాటంగా ఒప్పుకునేది ఇద్దరమే. నేనొకదాన్ని, సోషల్ చెప్పే మేడం ఒకరు. మిగతావాళ్లెవరూ చూడరు. కాకపోతే మంగళవారం ఇంటర్వెల్‌లో మేమిద్దరం మాట్లాడుకుంటుంటే, ఆ చూడనివాళ్లే టీ గ్లాసు పట్టుకుని దగ్గరికొచ్చి, "అట్ల కాదు మేడం, ముందు కెలికింది ఆయనే" అని మమ్మల్ని సరిదిద్దుతారు. ఒక సారు అయితే కెప్టెన్సీ టాస్క్ రూల్స్ మొత్తం వివరించారు. ఛానల్ మారుస్తుంటే కనబడిందట.

రియాలిటీ షోలు టైమ్ వేస్ట్ అంటే నేను వాదించను. చాలావరకు వేస్టే. నూరు రోజుల షోలో సగం ప్రోమోలే, మిగిలిన సగంలో సగం ప్రకటనలే. కానీ సోమవారం మాత్రం నేను వదలను. అది నామినేషన్ల రోజు. బిగ్ బాస్ ఇంట్లో మూసేసి ఉంచినవాళ్లు ఎవరు బయటికి పోవాలో పేర్లు చెప్పే రోజు; అట్లా పేరు పడ్డవాళ్లలో చూసేవాళ్ల ఓట్లు తక్కువ వచ్చినవాళ్లు ఇల్లు వదలాలి. ఒక మనిషి ఇంకో మనిషి ఎదురుగా నిలబడి, నువ్వు చేసిన ఫలానా పని నాకు నచ్చలేదు అని చెప్పాలి. కెమెరాల ముందు, పేరు పెట్టి, కారణంతో. మన ఇళ్లల్లో ఇది ఎక్కడైనా చూశారా?

మనం వెనకాల చెప్పుకోవడంలో ఆరితేరినవాళ్లం. పెళ్లి పప్పులో ఉప్పు ఎక్కువైతే బంతిలో కూర్చున్నవాళ్లందరికీ తెలుస్తుంది, వండినాయనకు తప్ప. మా ఆడబిడ్డకు నా మీద కోపం వచ్చిన సంగతి ముగ్గురు చుట్టాల ఇళ్లు తిరిగి నాకు చేరుతుంది. ఎందుకొచ్చిందో మాత్రం చేరదు. నేను కరీంనగర్ దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలకు తప్పు ఎక్కడ జరిగిందో చూపించడమే నా సగం ఉద్యోగం. అందుకేనేమో, ఎవరు ఎవరికి ఏ మాట ఎట్లా చెప్పారన్నది నాకు సినిమా కన్నా ఎక్కువ ఆసక్తి.

1999లో నెదర్లాండ్స్‌లో 'బిగ్ బ్రదర్' పేరుతో మొదలైన ఆట తెలుగులోకి 2017లో వచ్చింది. మొదటి సీజన్ హోస్ట్‌గా ఎన్టీఆర్ చేశారు, ఇల్లు లోనావాలాలో వేశారు. తర్వాతి ఏడాది నాని వచ్చారు, ఇల్లు హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌కి మారింది. 2019 నుంచి నాగార్జునే. మొదట్లో నామినేషన్లు ఎక్కువగా కన్ఫెషన్ రూమ్‌లో, తలుపేసుకుని బిగ్ బాస్ చెవిలో చెప్పినట్టు జరిగేవి. అసలు రుచి అందరి ముందూ చెప్పాల్సి వచ్చినప్పటి నుంచి మొదలైంది. మొహానికి నురగ పూయడం, నెత్తిన రంగునీళ్లు పోయడం, చెత్త కవరు విసరడం ఇవన్నీ ప్రోమో కోసం. నేను చూసేది దానికి ముందు అర నిమిషం. కారణం చెప్పేవాళ్ల గొంతు, వినేవాళ్ల దవడ.

చూడగా చూడగా కారణాల్లో రకాలు తెలిసిపోతాయి. "మొన్న టాస్క్‌లో నువ్వు సంచాలక్‌గా, అంటే ఆట రిఫరీగా ఉండి, లైన్ దాటిన మనిషిని చూసి కూడా ఆపలేదు" అంటే అది కారణం. దానికి ఎదుటివాళ్లు జవాబు చెప్పుకోవచ్చు, కాదని నిరూపించుకోవచ్చు. "నాకు నీతో కనెక్షన్ కుదరలేదు", "నువ్వు సేఫ్ గేమ్ ఆడుతున్నావనిపించింది", "ఇంకెవరూ లేరు కాబట్టి" అంటే దానికి ఎవరు మాత్రం ఏం జవాబు చెబుతారు? బిగ్ బాస్ ఇంట్లో వాళ్లే వాటికి 'సిల్లీ రీజన్' అని పేరు పెట్టారు. మా అత్తమ్మ అయితే చేటలో బియ్యం చెరిగినట్టు చెరిగేస్తుంది. "గది రీజనేనా? దమ్ము లేక గట్ల చెప్తున్నడు. పక్కకు వెట్టు."

అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమెకు డెబ్బై దాటాయి. మొన్నమొన్నటి దాకా పొలం పనులు చేసిన మనిషి. 2023లో ఏడో సీజన్‌కి సిద్దిపేట జిల్లా నుంచి పల్లవి ప్రశాంత్ 'రైతు బిడ్డ'గా వచ్చినప్పుడు, ఈమె ఓటు ఎటో నేను ముందే ఖాయం చేసుకున్నాను. రెండో వారం నామినేషన్లలో ఇంట్లో చాలామంది ఆ అబ్బాయి మీద పడ్డారు. సీరియల్ నటుడు అమర్‌దీప్, రైతుల కష్టం ఒక్కటే కష్టమా, బీటెక్ చదివినవాళ్ల కష్టం తెలుసా అన్న వాదన పెట్టాడు. మర్నాటికల్లా ఫోన్లనిండా బీటెక్ మీమ్సే. మా ఇంట్లో మాత్రం అత్తమ్మ బీటెక్ వైపు నిలబడింది.

"రైతు రైతు అని ఎన్నిసార్లంటడు? మేం ఎవుసం జేసినం, ఎవన్నన్న జాలి అడిగినమా? ఆట ఆడుమను."

నేను నోరు తెరిచాను. మా ఆయన సోఫాలోంచి లేచి కూర్చున్నాడు. తర్వాత్తర్వాత ఆ అబ్బాయి టాస్కుల్లో పరిగెత్తడం, పడటం, లేవడం చూసి ఆమే మెల్లగా అటు తిరిగింది. "ఇప్పుడు ఆడుతున్నడు" అంది. ఆ మాటలో 'ఇప్పుడు' మీద ఎంత బరువు వేసిందో మీరు వినాల్సింది. చివరికి ఆ సీజన్లో ప్రశాంత్ విన్నర్, అమర్‌దీప్ రన్నరప్. వాదన పెట్టుకున్న ఇద్దరే స్టేజీ మీద నాగార్జున చెరో పక్కన నిలబడ్డారు.

తెలుగు బిగ్ బాస్‌లో ఒక విచిత్రం ఉంది. ఇంట్లోవాళ్లంతా కలిసి ఒక్కరి మీద పడితే, బయటివాళ్లు ఆ ఒక్కరి వెనక నిలబడతారు. 2018లో నటుడు కౌశల్ విషయంలో జరిగింది అదే. ఆయన ప్రవర్తనలో అందరికీ నచ్చేది ఏముందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. కానీ వారం వారం అంతా కలిసి ఆయన్నే నామినేట్ చేస్తుంటే బయట 'కౌశల్ ఆర్మీ' పుట్టుకొచ్చింది, ట్రోఫీ ఆయన చేతికే వచ్చింది. ఆ తర్వాతి సీజన్లకి వచ్చినవాళ్లు ఇది కనిపెట్టేశారు. ఇప్పుడు కొందరు తమను ఒంటరిని చేయమని దాదాపు బతిమాలుకుంటున్నట్టే ఉంటుంది.

నాకు మనసుకు దగ్గరైన సీజన్ మాత్రం 2020 నాటిది, యూట్యూబ్ 'మై విలేజ్ షో' గంగవ్వ వల్ల. వాళ్ల ఊరు లంబాడిపల్లి మాకు దూరమేం కాదు, మల్యాల పక్కన, పాత కరీంనగర్ జిల్లాయే. అరవై దాటిన ఆమె, జిమ్ బాడీల మధ్య, చీర కట్టుకుని మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటే, ఇంట్లో నటులు, యాంకర్లు ఆమె ముందు మాట జాగ్రత్తగా మాట్లాడేవాళ్లు. గంగవ్వకు కారణం చెప్పడానికి డొంకతిరుగుడు అక్కర్లేదు. మనసులో ఉన్నది మొహం మీద అనేసి, మళ్లీ ఆ మనిషినే తిన్నవా బిడ్డా అని అడిగే తీరు. మా భాష టీవీలో కామెడీ సీన్లలో తప్ప వినబడని కాలం చూశాను నేను. ఆ నెలరోజులూ రాత్రి పూట రాష్ట్రమంతా ఆ యాసలో తీర్పులు విన్నది. ఆరోగ్యం కుదరక ఆమె అయిదో వారంలో బయటికి వచ్చేసింది. ఊళ్లో ఇల్లు కట్టుకోవాలన్న కోరిక తర్వాత తీరింది, నాగార్జున సాయం చేశారు. 2024లో వైల్డ్ కార్డ్‌గా, అంటే సీజన్ మధ్యలో మళ్లీ వెళ్లింది కానీ ఆ మొదటిసారి ఉన్న తాజాదనం రాలేదు. అప్పటికి ఇంట్లోవాళ్లకి ఆమెతో ఎట్లా ఉండాలో తెలిసిపోయింది.

మొహం మీద చెప్పడం అనగానే అరుపులే అనుకోనక్కర్లేదు. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు దాన్ని ఎవరూ రియాలిటీ షో అనలేదు. నా దృష్టిలో మనకు మొదటి రియాలిటీ షో అదే. మామూలు ఇళ్ల పిల్లలు వస్తారు, పోటీ ఉంటుంది, ఒకరు వెనక్కి వెళ్తారు, ఏడుస్తారు. అయితే చెప్పేది బాలు గారు. పిల్ల పాట అయిపోయాక ఆయన ముందు ఆ పాట రాసిందెవరో, బాణీ కట్టిందెవరో గుర్తు చేసేవారు. బాగా పాడిన చోటు చెప్పేవారు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చి, ఫలానా చరణంలో ఫలానా మాట దగ్గర ఊపిరి తీసుకోవడం వల్ల మాట విరిగిందని, 'ళ' పలకాల్సిన చోట 'ల' పడిందని చెప్పి, ఆ ఒక్క లైను తాను పాడి చూపించేవారు. తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాక ఆ పిల్లకు సిగ్గుపడే అవసరమే ఉండేది కాదు, సరిచేసుకోవడమే మిగిలేది. టీవీ ముందు కూర్చున్న మాకూ చెవి తయారైంది. అంతకుముందు శ్రుతి తప్పింది అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఆ తర్వాత మా నాన్న ఊళ్లో భజన నుంచి వచ్చి, ఇవాళ ఫలానాయన శ్రుతి తప్పాడు అనడం మొదలుపెట్టాడు. (ఆయన ఎప్పుడూ తప్పలేదు, ఆయన లెక్క ప్రకారం.)

ఈ రెండు రకాల తీర్పులూ విన్న మనిషి ఒకరున్నారు. రేవంత్. 2017లో హిందీ ఇండియన్ ఐడల్ గెలిచాడు, 2022లో బిగ్ బాస్ ఆరో సీజన్ గెలిచాడు. అక్కడ పాట గురించి చెబితే విన్నవాడు, ఇక్కడ కోపం గురించి, నోటి దురుసు గురించి వినాల్సి వచ్చింది. పాట మీద విమర్శ వింటూ తల ఊపడం సులువు, అది గొంతుకి సంబంధించింది కాబట్టి. నీ మాట తీరు బాలేదు అంటే మనిషే కదులుతాడు. శనివారం నాగార్జున వీడియో వేసి చూపిస్తుంటే అతని మొహంలో ముందు ఒప్పుకోకపోవడం, తర్వాత లెక్కలు వేసుకోవడం, ఆఖరికి సరే సార్ అనడం వరసగా కనబడేవి. ఏ నటుడూ అంత బాగా చేయలేడు, చేస్తే మనం నమ్మం.

ఎడిటింగ్ సంగతి మరి అంటారు. అవును, ఇరవై నాలుగు గంటలు కోసి ఒక గంట చేస్తే అందులో నిజమెంత మిగులుతుంది? 2022లో ఓటీటీలో 'బిగ్ బాస్ నాన్‌స్టాప్' వచ్చినప్పుడు రోజంతా లైవ్ పెట్టారు, బిందు మాధవి గెలిచింది, తెలుగు బిగ్ బాస్‌లో గెలిచిన మొదటి ఆడమనిషి. మావాడు వేసవి సెలవుల్లో ఆ లైవ్ పెట్టుకుని కూర్చునేవాడు. నేనూ చూశాను. ఉల్లిగడ్డలు తరగడం, మైకు సరిగ్గా పెట్టుకోమని గద్దింపు, ఎవరో పగలు కునుకు తీస్తే కుక్కల అరుపులు. ఎడిటర్ అనే మనిషి ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. కోత ఉంటుందని తెలిసి చూడటమే. వాదనలో ఒకరి మాట పూర్తిగా వేసి రెండోవాళ్ల జవాబు ముక్కలుగా వేస్తే అత్తమ్మ కూడా పట్టేస్తుంది: "ఆమె ఏమన్నదో సూపియ్యలే."

నాకు నిజంగా మింగుడు పడనిది ఎడిటింగ్ కాదు, బయట ఫ్యాన్సు. ఏడో సీజన్ ఫైనల్ రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి, రన్నరప్ కారు మీద పడ్డారు. లోపల ఇద్దరూ ఒకరి మొహం మీద ఒకరు అనుకోవాల్సినవన్నీ అనుకుని, కౌగిలించుకుని బయటికొచ్చారు. బయట ఉన్నవాళ్లకు కారణాలతో పనే లేదు. బస్సు ఏం నామినేట్ చేసింది పాపం?

దానికన్నా మా తొమ్మిదో తరగతి పిల్లలు నయం. క్లాస్ లీడర్ని మార్చాలని గొడవొస్తే వాళ్లంతట వాళ్లే నామినేషన్లు పెట్టుకున్నారు. నేను వరండాలో ఆగి విన్నాను. ఒక అమ్మాయి లేచి, "మొన్న శుక్రవారం మధ్యాహ్నం గుడ్లు పంచేటప్పుడు నువ్వు మీ దోస్తులకు ముందు ఇచ్చినవ్, వెనక లైనోళ్లకు పగిలినయ్ వచ్చినయ్. అందుకే నామినేట్ చేస్తున్న" అంది. లీడర్ పిల్లాడు మధ్యలో ఏదో అనబోతే, "నా పాయింట్ అయిపోనియ్యి" అని ఆపింది. తర్వాత వాడు కూడా బాగానే చెప్పుకున్నాడు. ట్రేలో పైన ఉన్నవి ముందు ఇచ్చానని, పగిలినవి అడుగున ఉన్నాయని. చివరికి లీడర్ మారలేదు. గుడ్లు పంచడం మాత్రం ఆ అమ్మాయి చేతికి వచ్చింది. హెడ్‌మాస్టర్ గారికి ఈ సంగతి చెబితే టీవీ పిల్లల్ని పాడు చేస్తోందన్నారు.

షో చేసేవాళ్లు ఇది చదువుతారని నాకేం ఆశ లేదు గానీ, చదివితే ఒక్కటే అడుగుతాను. నామినేషన్ల రోజు ఆ నురగ, రంగునీళ్లు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ తగ్గించండి. ఒకళ్లు కారణం చెబుతుంటే మధ్యలో పదిమంది మొహాలు తిప్పి తిప్పి చూపించకండి, చెప్పేవాళ్లనీ వినేవాళ్లనీ చూపిస్తే చాలు. 'కనెక్షన్ కుదరలేదు' అన్నవాళ్లను కన్ఫెషన్ రూమ్‌కి పిలిచి ఇంకో కారణం తెచ్చుకోమనండి. అత్తమ్మ డిమాండ్ వేరే ఉంది. తొమ్మిదిన్నర చాలా ఆలస్యమట, ఎనిమిదికే వెయ్యాలట. ఎనిమిదికి వస్తే మా ఇంట్లో వంట ఎవరు చేస్తారని అడిగాను. దానికి ఆమె దగ్గర ఉన్నది సిల్లీ రీజనే.