లాయిడ్ గ్రీన్ కుడి అరచెయ్యి

అమెరికా కంట్రీ (పల్లె జానపదం నుంచి పుట్టిన) పాటల్లో వినిపించే, బల్లలా ముందు పెట్టుకుని కాళ్లతో పెడళ్లు తొక్కుతూ వాయించే పెడల్ స్టీల్ గిటార్ వినగానే చెవి ముందు జారునే పట్టుకుంటుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నూనె రాసినట్టు పాకే ఆ నాదమే వాద్యమంతా అనిపిస్తుంది. ఆ వాద్యం వాయించే లాయిడ్ గ్రీన్‌ని వినేటప్పుడు మాత్రం ఆ జారును కాసేపు పక్కన పెట్టి, స్వరం ఎక్కడ తెగిందో వినాలి. మీటిన తీగ నోరు ఎప్పుడు మూయించాలో ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్లు అరుదు.

ఆయన 1937లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో లీఫ్ అనే ఊళ్లో పుట్టాడు. అలబామాలోని మొబీల్‌లో పెరిగాడు. 1956 చివర్లో కంట్రీ పాటల రికార్డింగ్ కేంద్రమైన నాష్‌విల్ చేరినా, నిలదొక్కుకోవడానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. మధ్యలో చెప్పుల దుకాణంలో కూడా పనిచేశాడు. 1965లో ఆయన స్టీల్ వాయించగా వార్నర్ మ్యాక్ పాడిన 'ద బ్రిడ్జ్ వాష్డ్ అవుట్' కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లాక స్టూడియోలు ఇక ఆయన్ని వదల్లేదు. జానీ పేచెక్, చార్లీ ప్రైడ్, డాన్ విలియమ్స్, 1974లో నాష్‌విల్ వచ్చిన పాల్ మెకార్ట్నీ... వీళ్లందరి పాటల్లో ఆ తీగలున్నాయి. స్టీల్ వాయించేవాళ్లు ఆయన్ని గురువులా చూస్తారు. ఆ పాటలు పాడుకునే జనానికి పేరే తెలియదు.

తెలియకపోవడానికి సగం కారణం ఆ పని తీరే. నాష్‌విల్‌లో ఒక సెషన్ (రికార్డింగ్ విడత) అంటే మూడు గంటలు, అందులో మూడు నాలుగు పాటలు తెమలాలి. వాద్యకారుల ముందు నొటేషన్ ఉండదు, కాగితం మీద కార్డ్‌లకు, అంటే కలిపి మోగే స్వరాల గుత్తులకు, వరస అంకెలుంటాయి. 1950ల చివర్లో జార్డనేర్స్ గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెట్టిన పద్ధతి అది. సరిగమలు వచ్చినవాళ్లకు చప్పున అర్థమవుతుంది. శ్రుతి మార్చినా సరిగమలు మారవు కదా, ఇదీ అంతే. గాయకుడు "పై స్వరం అందడం లేదు, కాస్త దించండి" అంటే కాగితం తిరగరాయక్కర్లేదు. ఇందులో స్టీల్‌కు దక్కేది ఎత్తుగడలో ఒక ముక్క, మధ్యలో ఒక బిట్, మిగతాదంతా చరణంలో గాయకుడు ఊపిరి తీసుకునే ఖాళీలు. అందులో దూరి, ఆయన మళ్లీ నోరు తెరిచేలోపు బయటపడాలి. బయటపడటమే కష్టం, ఎందుకంటే స్టీల్ తీగ ఊరికే ఆగదు.

గోటువాద్యం చూసినవాళ్లకు ఎడమ చేతి పని కొత్తేమీ కాదు. ఇక్కడ చెక్క ముక్కకు బదులు 7/8 అంగుళం లావున్న స్టీలు బార్. తేడా అంతా కాళ్ల కింద ఉంటుంది. ఇ9 అనే శ్రుతిలో పది తీగలు. ఇ స్వరాన్ని షడ్జం అనుకుంటే దూరపు తీగ నుంచి దగ్గరికి వరసగా రి, ని, గ, స, ప, గ, రి, స, కైశికి ని, ప. మొదటి పెడల్ తొక్కితే ప తీగలు రెండూ ధ అవుతాయి. రెండోది తొక్కితే గ తీగలు రెండూ మ అవుతాయి. మూడోది నాలుగో తీగ స ను రి కి, ఐదో తీగ ప ను ధ కి లేపుతుంది. మోకాళ్లతో తోసే లివర్లు వేరే. వాటిలో ఒకటి స తీగలను అర స్వరం పెంచుతుంది, ఇంకొకటి అర స్వరం దించుతుంది. ఎడమ కాలు పెడళ్ల మీద, కుడి కాలు వాల్యూమ్ పెడల్ మీద.

ఇప్పుడు 1968 మార్చిలో బర్డ్స్ అనే రాక్ బృందం నాష్‌విల్‌లో రికార్డు చేసిన 'యూ ఎయింట్ గోయిన్ నోవేర్' తీసుకోండి. కార్డ్‌లు ఒకటి, రెండు మైనర్, నాలుగు, మళ్లీ ఒకటి. 3, 4, 5 తీగలు మీటి, బార్ అంగుళం కూడా కదపకుండా ఇదంతా కాళ్లతోనే తేల్చవచ్చు. పెడల్ ఏదీ తొక్కకపోతే స గ ప, అంటే ఒకటి. రెండు, మూడు పెడళ్లు కలిపి తొక్కితే రి మ ధ, అంటే రెండు మైనర్. పాదాన్ని ఎడమకు దొర్లించి ఒకటి, రెండు పెడళ్ల మీదికి తెస్తే స మ ధ, అంటే నాలుగు. ఈ ఆఖరి మార్పులో కదిలేది ఒక్క తీగే, రి నుంచి స కి. మిగతా రెండూ ఉన్నచోటే మోగుతుంటాయి. గొంతులో పలికే గమకంలా ఒక స్వరం మాత్రం లోపల్లోపల కరిగినట్టు వినిపించేది అందుకే.

ఆ పాటలో ఎక్కడెక్కడ వాయించమంటారని గ్రీన్ అడిగితే, అంతటా వాయించమన్నారట. నాష్‌విల్ సెషన్ మనిషికి ఎప్పుడూ దొరకని అనుమతి. పాట పొడుగునా వాయించాలంటే పదార్థం అయిపోకూడదు, కాబట్టి ఒకే కార్డ్‌ను రెండు మూడు చోట్ల పట్టుకోగలగాలి. జి కార్డ్ మూడో ఫ్రెట్ (తీగల కింద స్వరస్థానం చూపే గీత) దగ్గర పెడల్ లేకుండా ఉంది, ఆరో ఫ్రెట్ దగ్గర మొదటి పెడల్, స పెంచే లివర్ కలిపితే ఉంది, పదో ఫ్రెట్ దగ్గర మొదటి రెండు పెడళ్లతో ఉంది. ఈ మూడూ చెవిలో మూడు రంగులు.

ఇక అరచెయ్యి. కుడి బొటనవేలికి ప్లాస్టిక్ పిక్ (మీటే తొడుగు), చూపుడువేలికీ నడిమివేలికీ లోహపు పిక్‌లు. చిటికెనవేలి వైపు అరచేతి అంచు తీగల మీద ఆని ఉంటుంది. మీటే క్షణంలో ఆ అంచు దారమంత లేస్తుంది, స్వరానికి కావలసిన నిడివి అవగానే మళ్లీ వాలుతుంది. దీన్నే పామ్ బ్లాకింగ్ అంటారు. చేసేది చెయ్యిని వెయ్యడం కాదు, లేపడం. చెయ్యి అసలు చోటు తీగల మీదే. పేచెక్ రికార్డుల్లో గ్రీన్ స్వరాలు చిటపటమని విడివిడిగా రాలేది ఈ అంచు వల్లే. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. అరచెయ్యి వాలి ఉన్నప్పుడు బార్ కదిపితే జారు వినబడదు. లేచి ఉన్నప్పుడు కదిపితే వినబడుతుంది. అంటే జారాలా వద్దా అన్నది తేల్చేది ఎడమ చెయ్యి కాదు. ఈ సంగతి తెలియకే కొత్తగా నేర్చుకునేవాళ్ల వాయింపు మొత్తం మూలిగినట్టుంటుంది.

సాధన చెయ్యాలంటే మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, ఐదో తీగ ఒక్కటే మీటండి. దెబ్బలో సగం నాదం, సగం నిశ్శబ్దం. నిశ్శబ్దం పూర్తిగా నిశ్శబ్దంగా ఉండాలి. సన్నటి గంట లాంటి మోత మిగిలితే అరచెయ్యి తీగను అరకొరగా తాకి హార్మోనిక్ పుట్టిస్తోందని అర్థం. లోహం రాసుకున్న చప్పుడొస్తే, మోగుతున్న తీగ మీద పిక్ ముందే పడుతోంది. ఝుమ్మనే రొద వస్తే తప్పు ఎడమ చేతిది. బార్ వెనక ఉంగరంవేలు, చిటికెనవేలు తీగల మీద పరుచుకుని ఉండాలి, లేపకూడదు. బార్‌ను సరిగ్గా ఫ్రెట్ గీత మీదే ఉంచాలి, మామూలు గిటార్‌లో వేలు పెట్టినట్టు గీత వెనక పెడితే శ్రుతి తగ్గుతుంది. పక్కనుంచి చూస్తే కన్ను కూడా మోసం చేస్తుంది. వాల్యూమ్ పెడల్‌ను సగం దగ్గర మొదలుపెట్టి, నాదం తగ్గేకొద్దీ తొక్కుతూ పోవాలి. ప్రతి స్వరానికీ కుట్టుమిషన్ తొక్కినట్టు తొక్కితే పాట పాడవుతుంది.

శ్రుతి చేసేటప్పుడు గ తీగలను ట్యూనర్ చూపే సున్నా దగ్గర ఆపితే కార్డ్ గరగరమంటుంది. సహజ గాంధారం హార్మోనియం గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) కింద ఉంటుంది. తంబురాలో తనంతట తాను పలికే గాంధారమే అది, చాలామంది స్టీల్ వాద్యకారులు దాని దాపులకే దించుకుంటారు. అన్నట్టు, పది తీగల్లోనూ అన్నిటికన్నా పై స్థాయిలో పలికేది మొదటిది కాదు, మూడోది. మందం .011 అంగుళం. దాన్నే రెండో పెడల్ ఇంకా పైకి లాగుతుంది కాబట్టి తరచూ తెగేదీ అదే. వాయించేవాళ్ల పెట్టెలో ఆ తీగ ఒక్కటే నాలుగైదు అదనంగా ఉంటుంది.

అప్పట్లో పెద్ద వాద్యకారులంతా రెండు నెక్‌ల (తీగల పలకల) స్టీల్ వాడేవారు, రెండోది సి6 శ్రుతికి. సెషన్లలో దాని అవసరం పడటం లేదని గ్రీన్ దాన్ని తీసేయించి, ఆ చోట మెత్త పెట్టించుకున్నాడు. 1970ల్లో షో-బడ్ కంపెనీ ఆ తరహానే ఎల్‌డీజీ పేరుతో మోడల్‌గా అమ్మింది. 1988లో ఆయన్ని స్టీల్ గిటార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2018లో జేడీ మానెస్‌తో కలిసి బర్డ్స్ పాటలను స్టీల్ మీద మళ్లీ రికార్డు చేశాడు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, చార్లీ ప్రైడ్ టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో పాంథర్ హాల్ వేదిక మీద పాడిన లైవ్ ఆల్బం, 1969లో విడుదలైంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్క పాట రెండుసార్లు వినండి. మొదటిసారి ప్రైడ్‌ని వినండి. రెండోసారి ప్రతి చరణంలో ఆయన గొంతు మళ్లీ అందుకునే ముందు అర క్షణం వినండి. స్టీల్ అప్పటికే ఆగిపోయి ఉంటుంది.