రాజుగారి బడి అంటారు గానీ, అసలు కథ పంతుళ్ళది

ఇంగ్లండ్‌లో న్యూబరీ అనే ఊరి చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం (ఇక్కడి వోడాఫోన్ ఆఫీసు పుణ్యమా అని బాగానే ఉన్నాం) పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటే ఎప్పుడో ఒకప్పుడు చీమ్ స్కూల్ పేరు రాక తప్పదు. ఎవరో ఒకరు "కింగ్ చార్లెస్ చదివిన బడి అది" అంటారు, ఇంకొకరు ఫీజు ఎంతో చెప్తారు, అక్కడితో అందరి నోళ్ళూ మూతపడతాయి. నాకు మాత్రం ఈ బడి చరిత్రంటే ఎప్పటినుంచో సరదా. అదీ రాజకుమారుల వల్ల కాదు, అక్కడ పనిచేసిన ఇద్దరు ముగ్గురు పంతుళ్ళ వల్ల. వాళ్ళ గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు లేదు కాబట్టి నేనే రాస్తున్నా.

ముందు ఒక మాట. చీమ్ ఒక ప్రెప్ స్కూల్. ఇక్కడ ప్రెప్ స్కూల్ అంటే ఏడెనిమిదేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా చదివించి, ఈటన్ లాంటి పెద్ద బడుల ప్రవేశ పరీక్షకు తయారుచేసే ప్రైవేటు బడి. ఆ పరీక్ష పేరు కామన్ ఎంట్రన్స్, 1904 నుంచి ఉంది. మన ఎంసెట్ కోచింగ్‌కి పెద్ద తేడా లేదని వెక్కిరించొచ్చు గానీ, ఇక్కడ లాటిన్ ఉంటుంది, క్రికెట్ ఉంటుంది, ముఖ్యంగా అడవీ పొలమూ ఉంటాయి. క్రికెట్ ఎంత ముఖ్యమంటే, 1892లో ఈ బడుల హెడ్మాస్టర్లంతా మొదటిసారి ఒకచోట కూడింది చిన్నపిల్లలు ఆడే బంతి ఏ సైజులో ఉండాలో తేల్చుకోవడానికట. వాళ్ళ సంఘం అలా పుట్టింది.

చీమ్ స్కూల్ మాత్రం దానికి చాలా ముందుది. 1645లో జార్జ్ ఆల్డ్రిచ్ అనే పాస్టరు గారు సర్రీలోని చీమ్ అనే పల్లెలో మొదలుపెట్టాడని చెప్తారు. లండన్‌కి మరీ దూరం కాదు, కానీ గాలి శుభ్రం. లండన్‌లో ప్లేగు తిరిగే రోజుల్లో కాస్త ఉన్నవాళ్ళు కొడుకుల్ని పల్లెబడికి పంపడంలో వింతేముంది. చదువు ఎలా ఉన్నా పిల్లవాడు బతికి ఉంటాడు కదా!

ఆ తర్వాత వంద సంవత్సరాలకు వచ్చాడు నాకు నచ్చిన మొదటి మనిషి, విలియం గిల్పిన్. 1752 నుంచి 1777 దాకా బడి నడిపాడు. ఆ కాలపు ఇంగ్లిషు బడి అంటే బెత్తమే. పెద్ద పెద్ద పేరున్న బడుల్లో కూడా పిల్లల్ని వంగోబెట్టి బాదడం చదువులో భాగం అనుకునేవాళ్ళు. గిల్పిన్ దాన్ని దాదాపు పక్కన పెట్టేశాడు. రాతపూర్వకంగా చట్టాలు పెట్టాడు, తప్పు చేసినవాడికి జరిమానా, లేకపోతే ఆటలకు పంపకుండా లోపల కూర్చోబెట్టడం. వివాదం వస్తే పన్నెండు మంది పిల్లలతో జ్యూరీ. అంటే తోటి పిల్లలే విని తీర్పు చెప్పాలి. వసూలైన జరిమానా డబ్బు హెడ్మాస్టర్ జేబులోకి పోదు, బడి లైబ్రరీ లాంటి అందరికీ పనికొచ్చేవాటికి ఖర్చుపెడతారు. పిల్లలకు తలా కాస్త నేల ఇచ్చి తోట వేసుకోమనేవాడు, పండించింది అమ్ముకోనిచ్చేవాడు. రేపు వీళ్ళు ఎస్టేట్లు, వ్యాపారాలు చూసుకోవాలి కాబట్టి బడే ఒక చిన్న లోకంలా ఉండాలన్నది ఆయన లెక్క. పదేళ్ళ పిల్లాడు తను వేసిన దోసకాయని బేరమాడి అమ్ముకుంటూ, మధ్యాహ్నం తన స్నేహితుడి కేసులో జ్యూరీలో కూర్చోవడం ఒక్కసారి ఊహించండి. ఇది జరిగింది 1760లలో.

ఇంకో తమాషా, గిల్పిన్‌కి బొమ్మల పిచ్చి. వేసవి సెలవులివ్వగానే స్కెచ్ పుస్తకం పట్టుకుని ఊళ్ళ మీద పడేవాడు. వై నది వెంట 1770లో చేసిన ప్రయాణం మీద ఆయన రాసింది 1782లో అచ్చయ్యాక, ఇంగ్లిషువాళ్ళు ప్రకృతిని చూసే పద్ధతే మారిపోయింది. అందులో టింటర్న్ అనే పాత మఠం శిథిలాల గురించి రాస్తూ, గోడల కొసలు మరీ తిన్నగా ఉన్నాయి, జాగ్రత్తగా ఒక సుత్తి వాడితే ఇంకా అందంగా ఉంటాయి అన్నాడు! డ్రాయింగ్ మాస్టారు పిల్లవాడి బొమ్మ దిద్దినట్టు శిథిలాన్ని దిద్దుతాడన్నమాట. చివరికి బడి కొడుక్కి అప్పజెప్పి, న్యూ ఫారెస్ట్‌లో బోల్డర్ అనే ఊరికి పాస్టరుగా వెళ్ళిపోయాడు. అక్కడ తన బొమ్మలు అమ్మిన డబ్బుతో ఊళ్ళో పేదపిల్లలకు బడి నిలబెట్టాడు. ఆయన దగ్గర చీమ్‌లో చదివిన హెన్రీ అడింగ్టన్ తర్వాత 1801లో బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు, అయినా నా దృష్టిలో బోల్డర్ బడే పెద్ద విషయం.

రెండో మనిషి చార్ల్స్ మేయో, అసలు చెప్పాల్సింది ఆయన చెల్లెలు ఎలిజబెత్ మేయో గురించి. అన్న 1819లో స్విట్జర్లాండ్‌లోని ఇవెర్డన్‌కి, పెస్టలోజీ అనే గొప్ప విద్యావేత్త నడిపే బడికి వెళ్ళి మూడేళ్ళ దాకా ఉండి నేర్చుకొచ్చాడు. పుస్తకంలో మాటలు కంఠస్థం చేయించడం కాదు, పిల్లవాడి చేతికి వస్తువు ఇచ్చి చూడనివ్వాలి, తాకనివ్వాలి, ఆ తర్వాతే మాట అన్నది పెస్టలోజీ పద్ధతి. 1826లో అన్నాచెల్లెళ్ళు ఆ పద్ధతిని చీమ్‌కి తెచ్చారు. ఎలిజబెత్ పాఠం ఎలా ఉంటుందంటే, ముందు ఒక గాజుముక్క పిల్లల చేతుల్లోకి వెళ్తుంది. ఒకరి తర్వాత ఒకరు పట్టుకుంటారు. ఎలా ఉంది? మెరుస్తోంది. ఇంకా? చల్లగా ఉంది. నున్నగా ఉంది. గట్టిగా ఉంది. దాని వెనక నా వేలు కనిపిస్తోంది. ఈ చివరి మాట ఎవరో ఒక పిల్లాడు చెప్పేదాకా ఆగి, అప్పుడు "పారదర్శకం" అనే పెద్ద మాట బోర్డు మీద రాస్తారు. తర్వాత రబ్బరు, తోలు, పంచదార, ఇలా ఒక్కొక్కటీ. ఈ పాఠాలన్నీ 1830 ప్రాంతంలో పుస్తకంగా వచ్చి, మళ్ళీ మళ్ళీ అచ్చవుతూ అమెరికా దాకా పోయాయి. ఎలిజబెత్ తర్వాత లండన్‌లో పసిపిల్లల టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చింది. ఇంగ్లండ్‌లో ఆ పని చేసిన మొదటి ఆడమనిషి ఆమేనని అంటారు.

మనకు ఇక్కడ నిజమైన సంబంధం ఒకటుంది. ఈ ఆబ్జెక్ట్ లెసన్ (వస్తువు చూపించి చెప్పే పాఠం) పద్ధతి ఇంగ్లిషు టీచర్ ట్రైనింగుల ద్వారా మన దేశానికీ వచ్చింది, పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రైమరీ బడుల్లో కూడా ఉండేది. వచ్చాక ఏమైందో తెలుసు కదా. వస్తువు పోయి, దాని బొమ్మ మిగిలింది. తర్వాత బొమ్మ కూడా పోయి దాని గురించి బట్టీ పట్టాల్సిన అయిదు వాక్యాలు మిగిలాయి. మనల్నే అనడం ఎందుకు, ఇంగ్లండ్‌లోనూ అదే అయింది. ఎలిజబెత్ చేతిలో ఉన్నప్పుడు అది పాఠం, ఇన్‌స్పెక్టర్ చేతిలో పడ్డాక అది ఫారం నింపడం.

ఆ తర్వాత 1855 ప్రాంతంలో రాబర్ట్ టేబర్ వచ్చాడు, అసలు ఇప్పుడు మనం ప్రెప్ స్కూల్ అనే ఆకారం బడికి ఇచ్చింది ఆయనే. పెద్దపిల్లల్ని మానేసి, చిన్నవాళ్ళను మాత్రమే తీసుకుని ఈటన్, హారో లాంటి వాటికి తయారుచేయడం. రైళ్ళు రావడంతో దూరం నుంచి పిల్లల్ని ట్రంకుపెట్టెతో సహా పంపడం తేలికైంది. సామ్రాజ్యం పనుల మీద ఇండియాలోనో ఇంకెక్కడో ఉన్న తండ్రులకు ఇలాంటి బడులు తప్పనిసరి కూడా అయ్యాయి. టేబర్ గురించి ఒక కథ బాగా చెప్తారు: బిరుదున్న పిల్లాడిని "మై డార్లింగ్ చైల్డ్" అనీ, బిరుదున్నవాడి కొడుకుని "మై డియర్ చైల్డ్" అనీ, మామూలు పిల్లాడిని ఒట్టి "మై చైల్డ్" అనీ పిలిచేవాడట. గిల్పిన్ జ్యూరీలో అందరూ ఒకటే, టేబర్ పలకరింపులో మూడు క్లాసులు. విన్‌స్టన్ చర్చిల్ తండ్రి రాండాల్ఫ్ చర్చిల్ చదివింది టేబర్ దగ్గరే. 1885లో ఆయనే భారత వ్యవహారాల మంత్రి, బర్మాని కలిపేసుకున్నదీ ఆ హయాంలోనే.

ఇక 1920ల నాటికి లండన్ పెరిగి పెరిగి చీమ్ పల్లెను మింగేసింది. చుట్టూ వరస ఇళ్ళు, రోడ్లు. పల్లెబడికి పల్లె లేకుండా పోయింది. అటు అదే సమయంలో పన్నులు కట్టలేక, నౌకర్లు దొరక్క జమీందార్లు పల్లెల్లో పెద్ద పెద్ద బంగళాలు వదిలించుకుంటున్నారు. ఇంగ్లండ్ పల్లెల్లో బడులు ఎక్కువగా పాత బంగళాల్లో కనిపించడానికి కారణం ఇదే. చీమ్ స్కూల్ కూడా 1934లో హ్యాంప్‌షైర్‌లోని హెడ్లీ అనే ఊళ్ళో బీనమ్ కోర్ట్ అనే బంగళాకి మారిపోయింది, పేరు మాత్రం పాత ఊరిదే ఉంచుకుంది. చార్లెస్ తండ్రి ప్రిన్స్ ఫిలిప్ చదివింది 1930 నుంచి 1933 దాకా, అంటే పాత చోట. చార్లెస్ 1957 సెప్టెంబరులో చేరింది కొత్త చోట.

హెడ్లీ మాకు దగ్గరే. కొద్ది మైళ్ళ దూరంలో గ్రీనమ్ కామన్ ఉంది, 1980లలో అమెరికా క్రూయిజ్ క్షిపణులకు ఎదురుగా ఆడవాళ్ళు శిబిరం వేసుకుని కూర్చున్న చోటు. ఇప్పుడక్కడ పశువులు మేస్తుంటాయి. ఇటు దక్షిణంగా పచ్చటి కొండలు, మధ్యలో పొదల కంచెల నడుమ ఇరుకు రోడ్లు, అవతల నుంచి కారొస్తే రివర్స్ చేసుకోవాల్సిందే.

చార్లెస్ సంగతి క్లుప్తంగా చెప్తా, ఎందుకంటే అందరూ చెప్పేదే. చేరేటప్పటికి ఇంకా తొమ్మిదేళ్ళు నిండలేదు. 1958లో కార్డిఫ్‌లో కామన్‌వెల్త్ ఆటల ముగింపులో రాణి సందేశం వినిపించారు, తన కొడుకుని ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌ని చేస్తున్నానని. హెడ్మాస్టర్ గదిలో మిగతా పిల్లలతో కలిసి టీవీ చూస్తూ ఆ మాట విన్నాడు చార్లెస్. తొమ్మిదేళ్ళ పిల్లాడికి స్నేహితులంతా ఒక్కసారి తన వైపు తిరిగి చూస్తే ఎంత ఇబ్బంది! చివరి ఏడాది ఫుట్‌బాల్ టీముకి కెప్టెన్. ఆ సీజన్‌లో వాళ్ళు కొట్టిన గోల్స్ 4, తిన్నవి 82. అక్కడ బెత్తం దెబ్బలు కూడా తిన్నానని తర్వాత ఆయనే చెప్పాడు. నాకు ఆశ్చర్యం అదే. 1760లలో గిల్పిన్ బెత్తం పక్కన పెట్టిన బడిలో, రెండొందల ఏళ్ళ తర్వాత కాబోయే రాజుకి బెత్తం పడింది. ఇంగ్లండ్ ప్రైవేటు బడుల్లో చట్టం దాన్ని పూర్తిగా ఆపింది 1999లో. చదువు ముందుకే పోతుంది అనేవాళ్ళకి ఈ ఒక్క బడి చరిత్ర చూపిస్తే చాలు.

1994లో హాట్రీస్ అనే ఇంకో పాత ప్రెప్ స్కూల్ వచ్చి ఇందులో కలిసింది. ఇప్పుడు అమ్మాయిలూ చదువుతున్నారు. ఇలాంటి బడులన్నిటి పరిస్థితీ గట్టిగా లేదు. ససెక్స్‌లో బోరిస్ జాన్సన్ చదివిన ఆష్‌డౌన్ హౌస్ 2020లో మూతపడింది. 2025 జనవరి నుంచి ప్రైవేటు బడి ఫీజుల మీద 20 శాతం వ్యాట్ పడింది. ఎనిమిదేళ్ళ పిల్లల్ని టర్మ్ అంతా హాస్టల్లో వదిలే తల్లిదండ్రులు ఇంగ్లిషువాళ్ళలోనే తగ్గిపోయారు.

అన్నట్టు, ఇదే హ్యాంప్‌షైర్‌లో బ్రామ్‌డీన్ దగ్గర బ్రాక్‌వుడ్ పార్క్ అనే రెసిడెన్షియల్ స్కూల్ ఉంది. 1969లో మొదలుపెట్టింది మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ, ఇక్కడ బ్రాక్‌వుడ్. చీమ్ పేరు తెలిసిన మనవాళ్ళలో ఎక్కువమందికి దీని పేరు తెలియదు. బ్రాక్‌వుడ్ ప్రెప్ స్కూల్ కాదు, పెద్దపిల్లలది. కానీ గిల్పిన్, మేయో బతికుండి చూస్తే ఈ రెండిట్లో ఏది తమ బడి అంటారో అని నాకు అప్పుడప్పుడూ అనుమానం వస్తుంటుంది.

పిల్లల్ని చీమ్‌లో వేయొచ్చా అని నన్ను అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. డే స్కూల్‌గా అయితే, డబ్బుంటే, వెళ్ళి ఓపెన్ డే చూసి రండి, గ్రౌండ్లు చూస్తే మనకే మళ్ళీ చేరిపోవాలనిపిస్తుంది. ఎనిమిదేళ్ళకి హాస్టల్ అంటే మాత్రం నేను ఒప్పుకోను, అది హెడ్లీలో అయినా గుడివాడలో అయినా. రాజుగారు కూడా అక్కడ ఒంటరిగానే ఉన్నానని తర్వాత చెప్పుకున్నారు.