ఎడమ గొంతు బొంగురు, జబ్బు కుడివైపు

ఇంగ్లండులో పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు ఎవరికీ అక్కర్లేని సామాను ఏదైనా ఉందంటే అది రేడియోగ్రామే, అంటే రేడియో, రికార్డ్ ప్లేయరు, స్పీకర్లు కలిపి చేసిన చెక్క పెట్టె. నాలుగడుగుల పొడవు, ఇద్దరు పట్టినా సులువుగా లేవని బరువు. మా లెస్టర్‌లో అలాంటిది ఒకటి ఊరికే ఇస్తామంటే తెచ్చుకున్నాను. 1960ల మొదట్లోది, వాల్వుల (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజుగొట్టాల) సెట్టు. కంపెనీ పేరు ఎందుకులెండి, ఆ రోజుల్లో చాలామంది ఇలాగే ఖర్చు మిగుల్చుకున్నారు.

మూత లోపల ‘స్టీరియో’ అని మెరిసే అక్షరాలున్నాయి గానీ, అది రికార్డులకు మాత్రమే. స్టీరియో ఎల్‌పీలు అక్కడ 1958లో వచ్చాయి. బీబీసీ ఎఫ్‌ఎంలో స్టీరియో ప్రసారాలు క్రమం తప్పకుండా మొదలయ్యింది 1966లో. ఈ సెట్టులో ఆ ప్రసారాన్ని ఎడమ, కుడిగా విడదీసే డీకోడర్ కోసమని ఒక ఖాళీ సాకెట్ వదిలి ఊరుకున్నారు. అందులో ఎవరూ ఏదీ పెట్టిన గుర్తులు లేవు.

వెనక హార్డ్‌బోర్డు విప్పితే అసలు పొదుపు కనబడింది. ఒక్కో చానల్‌కి ఒకటే వాల్వు, ఈసీఎల్86. ఒకే గాజుగొట్టంలో సిగ్నలుని మొదట పెంచే ట్రయోడు, స్పీకరుని నడిపే పెంటోడు రెండూ ఉంటాయి. రికార్డు సూదిని పట్టే భాగం బలమైన సిగ్నలిచ్చే సిరామిక్ కార్ట్‌రిడ్జ్ కావడంతో దానికి వేరే ప్రీఆంప్ (ముందుగా సిగ్నలుని పెంచే సర్క్యూట్) అవసరం లేదు. అంటే మొత్తం స్టీరియో ఆంప్లిఫయరు రెండు వాల్వులతో అయిపోయింది. ఒక్కో వైపు మూడు నాలుగు వాట్లు వస్తాయి, హాల్లో వినడానికి అది చాలు. చౌక రికార్డ్ ప్లేయర్లలో కొందరు ఇంకో అడుగు ముందుకేసి, టర్న్‌టేబుల్ మోటారు చుట్టలోంచే వాల్వుల హీటర్లకు కరెంటు లాగేవారు. దాంతో పోలిస్తే మాది మర్యాదస్తుల సెట్టే, సరైన మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది.

ఇన్నేళ్లు మూలన పడున్నదాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. లోపల షార్టుంటే కరెంటు మితిమీరకుండా 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి మెల్లగా లేపాను. పొగ రాలేదు. రికార్డు వేస్తే కుడి స్పీకరు బాగానే పాడింది, వెనకాల సన్నగా హమ్ (మెయిన్స్ కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత) ఒక్కటే. ఎడమది మాత్రం బొంగురు. పాట కాస్త పైస్థాయికి వెళ్తే చాలు, గొంతు చీలిపోయేది.

ఎడమ వాల్వు మార్చాను, తేడా లేదు. ఎడమ వైపు రెసిస్టర్లన్నీ కొలిచాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గుంటూరులో ఒకప్పుడు రేడియో షాపు నడిపిన మా బాబాయికి వీడియో కాల్ చేశాను. ఆయన కాసేపు చూసి, “ఒరేయ్, ముందు గదిలో లైటు ఆర్పు” అన్నారు. ఆర్పాను. ఎడమ వాల్వు మామూలుగానే ఉంది. కుడి వాల్వు లోపల, హీటరు వెలుతురు కాకుండా, కరెంటుని అందుకునే ఆనోడు రేకు మీద ఒక పక్కన మచ్చలా ఎరుపు. “అదిగో, వాడు తింటున్నాడు, వీడు పస్తు. కాథోడ్లు రెండూ ఎక్కడికి పోతున్నాయో చూడు” అన్నారు.

కాథోడు అంటే వాల్వులో ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు. చూస్తే రెండూ ఒకే రెసిస్టరుకి పోతున్నాయి. వాల్వుకి ఒకటి చొప్పున 170 ఓములవి రెండు వెయ్యాల్సిన చోట, ఇద్దరికీ కలిపి 85 ఓములది ఒకటి, దానికి ఒకే ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు. ఒక రెసిస్టరూ ఒక కండెన్సరూ మిగిలాయి. ఆ రోజుల్లో ధరతోపాటు పర్చేజ్ టాక్సూ పెరిగేది కాబట్టి ఫ్యాక్టరీవాళ్లకు అవి కూడా డబ్బే.

జరిగింది ఇదీ. కుడి వైపు ట్రయోడు నుంచి పెంటోడులో కరెంటుని అదుపు చేసే గ్రిడ్‌కి వెళ్లే పాత పేపరు కండెన్సరు లీకవుతోంది. సున్నా ఉండాల్సిన గ్రిడ్ మీద దాదాపు 6 వోల్టులు. దాంతో కుడి పెంటోడు అతిగా కరెంటు లాగింది. ఉమ్మడి రెసిస్టరు మీద 7 ఉండాల్సిన వోల్టేజి 9 దగ్గరికి చేరింది. ఆ పెరిగిన బయాస్ (వాల్వు కరెంటుని హద్దులో ఉంచే వోల్టేజి) ఏ తప్పూ లేని ఎడమ వాల్వుని నొక్కేసింది. అందుకే జబ్బు కుడిది, మూలుగు ఎడమది. కొత్త కండెన్సర్లు రెండు వైపులా వేశాను. బొంగురు పోయింది, ఎరుపూ పోయింది.

ఇక హమ్. వాల్వుని స్పీకరుతో కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లలో ఎడమదాని ప్రైమరీకి (వాల్వు వైపు చుట్టకి) మూడు తీగలున్నాయి, కుడిదానికి రెండే. ఎప్పుడో ఎవరో మామూలుది తెచ్చి మార్చారు. ఆ మూడో తీగలోనే ఉంది కిటుకు. హెచ్‌టీని (వాల్వులకిచ్చే ఎక్కువ వోల్టేజి సరఫరాని) చుట్ట చివర కాకుండా కాస్త లోపలికి ఇస్తారు. పెంటోడు ఆనోడుకి వెళ్లే కరెంటు ఒక దిక్కుకు, పెంటోడులోనే ఉండే స్క్రీను గ్రిడ్‌కీ ట్రయోడుకీ వెళ్లేది ఎదురు దిక్కుకు పారి, రెండిట్లోని హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఖరీదైన చోక్ (హమ్‌ని అణిచే కాయిలు) అక్కర్లేకుండా నాలుగు చుట్ల రాగితీగతో పని గడుస్తుంది. ఇది కక్కుర్తి అనలేను, మంచి బుర్ర. తుక్కు చాసిస్ (పాత సెట్టు లోపలి చట్రం) ఒకటి కొని, అందులోని మూడు తీగల ట్రాన్స్‌ఫార్మర్ వేశాక కుడి వైపూ సద్దుమణిగింది.

ఉమ్మడి కాథోడు మాత్రం ఉంచలేదు. ఈసీఎల్86లు ఇప్పుడు చవగ్గా దొరకవు. రేపు ఒకటి చెడితే రెండోదాన్నీ ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. 180 ఓములవి రెండు విడివిడిగా వేసి, చెరో కండెన్సరూ తగిలించాను.

తీరా విన్నాక మా ఆవిడ, “ముందే బాగుందండీ, పాట ఇంకా విశాలంగా వచ్చేది” అంది. ఆ మాటా నిజమే. పాత ఎలక్ట్రోలిటిక్ ఎండిపోయి ఉంది. అప్పుడు ఒక చానల్ సిగ్నలు ఉమ్మడి రెసిస్టరు మీదుగా రెండోదాంట్లోకి తలకిందులుగా చేరుతుంది. రెండు వైపులా ఒకేలా ఉన్న ధ్వని తగ్గుతుంది, తేడాగా ఉన్నది తగ్గకుండా నిలుస్తుంది. స్పీకర్ల మధ్య మూడడుగులే ఉన్న పెట్టెలో అది స్టీరియోని సాగదీసి వినిపిస్తుంది. నాకు మాత్రం గాయకుడు మధ్యలో గట్టిగా నిలబడటమే ఇష్టం. కాబట్టి ఇంట్లో ఈ తగువు ఇంకా తేలలేదు.

ట్యూనరు జోలికి వెళ్లలేదు. ఎఫ్‌ఎం డయలు 100 మెగాహెర్ట్జ్‌తో ఆగిపోతుంది కాబట్టి ఆపైన వచ్చే క్లాసిక్ ఎఫ్‌ఎం ఇందులో దొరకదు. బీబీసీ రేడియో 3, రేడియో 4 శుభ్రంగా వస్తున్నాయి.