నడకదారి చెట్లకు పురుగు పడితే

అలిపిరి మెట్లెక్కేటప్పుడు తోటి భక్తులు చెట్ల మొదళ్లు చూపించి అడుగుతుంటారు, "ఇంత పురుగు పడితే మందు కొట్టరేం?" అని. మాది దామలచెరువు పక్కన పల్లె. మామిడి తోపుల్లో పెరిగినవాణ్ణి, ఆ ఆరాటం నాకు తెలుసు.

కాండం తొలిచే పురుగు చేరితే చెట్టు కింద రంపపు పొట్టు రాలుతుంది. అది కనబడగానే మా నాయన బెరడంతా వేలితో తడిమి రంధ్రం పట్టేవాడు. సైకిల్ ఊస దూర్చి తిప్పితే లావుపాటి తెల్ల పురుగు కొసకు గుచ్చుకుని వచ్చేది. ఆ తర్వాత పెట్రోల్‌లో తడిపిన దూది కుక్కి, పైన బంకమట్టి మెత్తేవాడు. తోపులో ప్రతి చెట్టుకూ లెక్కుంటుంది, అక్కడ అంత ఓపిక పట్టాల్సిందే.

శేషాచలంలో ఆ వైద్యం కుదరదు. ఇక్కడ ఎలుగుబంటి చెదపుట్టలు తవ్వుకుని తింటుంది. దేవాంగపిల్లి రాత్రంతా కొమ్మల మీద పురుగులు ఏరుకుంటుంది. 1870లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ లోకానికి పరిచయం చేసిన బంగారు బల్లి కూడా పురుగుల మీదే బతుకుతుంది. మందు కొట్టామంటే వీటి నోటికాడి కూడు లాగేసినట్టే. చెదల మట్టి చూసి చాలామంది కంగారు పడతారు గానీ, అవి ఎక్కువగా తినేది ఎండిన బెరడునే.

ఒకే జాతి చెట్లు కిక్కిరిసిన అడవికి మాత్రం ముప్పు ఎక్కువ. 1990ల చివర్లో మధ్యప్రదేశ్‌లోని సాల చెట్ల అడవులను కాండం తొలిచే పురుగు లక్షల చెట్ల మేర పట్టి పీడించింది. అక్కడ పచ్చి దుంగల బెరడు చితగ్గొట్టి పడేస్తారు. ఆ రసం వాసనకు, ఆ పురుగే ఎదిగి అయ్యే పెంకు పురుగులు వచ్చి మూగితే ఏరి చంపుతారు. మన కొండల్లో ఎర్రచందనం, జాలారి, నేరేడు, మద్ది కలగలిసి పెరుగుతాయి. ఒక చెట్టును తినే పురుగుకు చాలాసార్లు పక్క చెట్టు పనికిరాదు.

మెట్ల పక్కన మాత్రం ఊరుకోకూడదు. డొల్లబారిన కొమ్మలను గాలివానలు మొదలవకముందే కొట్టేయాలి, కింద పిల్లలు నడుస్తుంటారు. లోపలి అడవిలో ఎండు మానును కదిలించొద్దు, వడ్రంగిపిట్టకు గూడు అందులోనే.

నాకు బాధ కలిగించేది బెరడు మీద చెక్కిన పేర్లు, బోర్డుల కోసం కొట్టిన మేకులు, మొదట్లో వెలిగించిన కర్పూరం. పురుగు తేలిగ్గా దూరేది ఆ గాయాల్లోంచే. దయచేసి అవి మానండి. దారి మీదికి వంగిన చెట్టు కింద కొత్త పొట్టు కనబడితే, ఏ మండపం దగ్గరో, ఏ మలుపులోనో గుర్తుపెట్టుకుని అటవీ సిబ్బందికి చెప్పండి.