సంక్రాంతి తర్వాతి రాజీనామాలు

పండగ వెళ్లిన మొదటి సోమవారం మా మందుల కంపెనీ జీతాల విభాగానికి రెండు రకాల కాగితాలు వస్తాయి. ఒకటి ఇంటి అద్దె రసీదులు, రెండు రాజీనామాలు. రసీదులకు కారణం ఆదాయపు పన్ను. కొత్త పన్ను విధానంలో వాటి అవసరమే లేదని ఎంత చెప్పినా కొందరు ఇస్తూనే ఉంటారు. రాజీనామాలకు కారణం మాత్రం సంక్రాంతేనని నా గట్టి నమ్మకం. ఊరు వెళ్తారు, అరుగు మీద కూర్చుంటారు, బెంగళూరు నుంచి వచ్చిన బావమరిది "ఇంకా అందులోనేనా బావా?" అంటాడు. అప్పటికే చేతిలో ఆఫరు పెట్టుకుని ఊగిసలాడుతున్న మనిషికి ఆ ఒక్క మాట చాలు. అరిసెలు అరగకముందే మెయిల్ వచ్చి కూర్చుంటుంది.

ఈ రోజు మెట్రోలో నా పక్కన నిలబడ్డ అమ్మాయి మియాపూర్ నుంచి బాలానగర్ దాకా ఫోనులో ఉద్యోగ ప్రకటనలు జరుపుతూనే ఉంది. ఒక్కదాన్నీ చివరిదాకా చదవలేదు. దరఖాస్తు బొత్తాం నొక్కడం, కిందికి జరపడం. పరాయి వాళ్ల ఫోనులోకి తొంగి చూడకూడదు. చూశాను.

పదిన్నరకు మొదటి తగాదా. అక్టోబరులో మా దగ్గర చేరిన ప్రొడక్షన్ మేనేజరు గారు వచ్చారు, ఈ నెల జీతంలో 27,300 రూపాయలు పన్ను కింద ఎందుకు కోస్తున్నారని. సెప్టెంబరు దాకా పాత కంపెనీలో ఆయన తీసుకున్నది 5.6 లక్షలు. అక్టోబరు నుంచి మార్చి దాకా మేమిచ్చేది 8.4 లక్షలు. ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటే ఆయన పన్ను కట్టనక్కర్లేని మనిషి. రెండూ కలిపితే 14 లక్షలు. జీతం తీసుకునే అందరికీ ఉండే 75,000 మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్) తీసేసినా, ఈ ఏడాది కొత్త విధానం రేట్ల ప్రకారం సెస్సుతో కలిపి 81,900 పన్ను పడుతుంది. పాత జీతం వివరాలు చేరిన వారంలోనే ఇచ్చి ఉంటే ఆరు నెలలకు సర్దేవాళ్లం. ఆయన మొన్న ఇచ్చారు. మిగిలినవి మూడు జీతాలు, అందుకే మూడు ముక్కలు. జులైలో రిటర్ను వేసేటప్పుడు వడ్డీతో సహా కట్టుకోవడం కంటే ఇదే నయమని చెప్పాను. నయమనుకున్న ముఖం కాదు అది.

ఆయన వెళ్లాక వచ్చాడు మా క్వాలిటీ కంట్రోల్ కుర్రాడు. నల్గొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి నేరుగా మా దగ్గరే చేరాడు. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద బాగా చేయి తిరిగినవాడు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు లాబ్ రికార్డులు తడబడకుండా తీసి చూపించాడని వాళ్ల మేనేజరు ఇప్పటికీ చెప్పుకుంటాడు. అలాంటివాడికి మందుల, టీకాల కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ వైపు నుంచి పిలుపు రావడంలో వింత లేదు. వింత ఏమిటంటే, రాజీనామా పంపేశాక నా దగ్గరికి వచ్చి, "మేడమ్, నా నోటీసు ఎన్ని రోజులు?" అని అడగడం.

"నీ నియామక పత్రంలో ఉంటుంది కదా."

"అది ఊళ్లో ఉంది మేడమ్. అమ్మ బీరువాలో పెట్టింది."

మా కంపెనీలో నోటీసు, అంటే రాజీనామా ఇచ్చాక పనిచేయాల్సిన గడువు, 90 రోజులు. కొత్త కంపెనీ వాళ్లు 30 రోజుల్లో చేరమన్నారట, మిగిలిన రోజుల నోటీసు డబ్బు తామే ఇస్తామన్నారట. ఇస్తారు. కాకపోతే ముందు ఇక్కడ తుది లెక్కలో కోత పడుతుంది, వాళ్లు ఇచ్చేది తర్వాత జీతంలో కలిసి వస్తుంది, దాని మీదా పన్ను ఉంటుంది. ఇవన్నీ చెప్పబోతూ అతని చేరిన తేదీ చూశాను. సరిగ్గా నాలుగున్నరేళ్లు.

ఇక్కడ ఆగిపోయాను. ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలని అందరికీ తెలుసు. అయిదో ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే దాన్నీ నిండిన ఏడాదిగానే లెక్కించాలని మద్రాసు హైకోర్టు ఎప్పుడో చెప్పిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ మాటను అన్ని కంపెనీలూ పాటించవు, కొన్ని వాదనకు దిగుతాయి. మా దగ్గర పాటిస్తారు. అతను 30 రోజుల్లో వెళ్లిపోతే నాలుగేళ్ల ఏడు నెలలు, అయిదో ఏడాదిలో 210 రోజుల పైచిలుకు. చేతికి సున్నా. 90 రోజులూ ఉండి వెళ్తే నాలుగేళ్ల తొమ్మిది నెలలు, 270 రోజుల పైమాటే. అతని బేసిక్, అంటే నెల మూల వేతనం, 26,000. దాన్ని 26తో భాగించి, 15తో గుణించి, అయిదేళ్లతో హెచ్చిస్తే 75,000 రూపాయలు.

కాగితం మీద వేసి చూపించాను. కుర్రాడు ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. "వాళ్లు అంతవరకు ఆగుతారా మేడమ్?" అన్నాడు.

ఆగుతారో లేదో అడిగితేనే కదా తెలిసేది. మందుల కంపెనీల్లో 90 రోజుల నోటీసు కొత్తేమీ కాదు, అవతలి హెచ్‌ఆర్ వాళ్లకు అది తెలియకా కాదు. ముప్పై రోజులని మొదట అనడం బేరంలో భాగం. నాలుగేళ్ల అనుభవం కోసం పిలిచినవాళ్లు రెండు నెలలకు వద్దంటే, వాళ్లకు కావలసింది ఇతను కాదు, ఖాళీ కుర్చీలో ఎవరో ఒకరు. ఈ మాట అతనికి చెప్పాను. కంపెనీ జీతం తీసుకుంటూ కంపెనీ నుంచి 75,000 ఎలా రాబట్టుకోవాలో చెబుతావా అని మా మేనేజరు అంటే అననీ. హక్కుగా వచ్చేదాన్ని ముందే చెబితే రేపు లేబర్ ఆఫీసు నుంచి కాగితం రాదు, అది కంపెనీకీ మంచిదే.

పీఎఫ్ తీసేసి బైకు కొంటానని కూడా అన్నాడు. ఈ బైకు కథ ప్రతి ఏడాదీ వింటాను. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే ఆ డబ్బు మీద పన్ను పడుతుంది. కొత్త కంపెనీకి బదిలీ చేసుకుంటే పాత ఏళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. అతని బేసిక్ మీద కంపెనీ నెలనెలా వేసే వాటా 3,120 రూపాయలు. అందులో 1,250 పింఛను ఖాతాకు వెళ్తుంది, ఎందుకంటే 2014 నుంచి పింఛను లెక్కకు తీసుకునే జీతం పరిమితి 15,000 దగ్గరే ఉంది. మిగిలిన 1,870 పీఎఫ్‌లో కలుస్తుంది. ఆ పింఛను అందాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. ఉద్యోగం మారిన ప్రతిసారీ తీసేసుకుంటూ పోతే ఆ పదేళ్లు ఎప్పటికీ పోగుపడవు. ఇదంతా విని, "బైకు ఈఎమ్‌ఐలో తీసుకుంటాను లెండి" అన్నాడు. సరే, అంతవరకు నయం. వెళ్లాక పీఎఫ్ వెబ్‌సైటులో మేము అతని చివరి తేదీ నమోదు చేశామో లేదో చూసుకోమని, అది లేకపోతే బదిలీ ముందుకు కదలదని చెప్పి పంపాను. సాయంత్రానికి కూడా అవతలి నుంచి అతనికి జవాబు రాలేదు.

ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పడానికి వీధికొక గురువు ఉన్నాడు. రెజ్యూమే ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, జీతం ఎంత అడగాలి అని. ఉన్న ఉద్యోగం నుంచి ఎలా బయటికి రావాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. నా టేబుల్ దగ్గర మనుషులు పోగొట్టుకునే డబ్బంతా గడప దాటేటప్పుడే పోతుంది.

ఇప్పుడు మాకూ హడావుడి పెరిగింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక చట్టాలు, అంటే లేబర్ కోడ్‌లు, అమల్లోకి వచ్చాక, వెళ్లిపోయిన మనిషి వేతనం లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. ఇదివరకు 45 రోజులు పట్టినా నోరెత్తేవాళ్లు కాదు. పైగా అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంత మేర వేతనంగానే లెక్కించాలి. బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు పెంచే పాత పద్ధతికి అది గండి. మా పక్క సీటు ఆయన మధ్యాహ్నం దాకా ఆ లెక్కలతోనే కుస్తీ పట్టాడు.

భోజనాల దగ్గర కొనుగోళ్ల విభాగం పెద్దాయన డబ్బా తెరవకుండానే మొదలుపెట్టారు. ఆయన వయసు 46. ఏఐ వచ్చి నీ ఉద్యోగం ఊడగొడుతుందని కొడుకు భయపెట్టాడట. ఎవరో ఫోను చేసి, ఎనిమిది నెలల కోర్సు, 85,000 ఫీజు, ఉద్యోగం గ్యారంటీ అన్నారట. కోచింగ్ సెంటర్ల కోసం అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ తిరిగిన తరానికి ఈ గ్యారంటీ అనే మాట కొత్తా? నేర్చుకోవాలనుంటే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు వెయ్యి రూపాయలు. ముందు ఒకటి పూర్తి చేయగలరో లేదో అక్కడ చూసుకోండి అన్నాను. అయినా ఆయన ఆస్తి కోర్సులో లేదు. గుజరాత్‌లోని వాపి నుంచి విశాఖ దాకా ఏ సాల్వెంటు ఎవరి దగ్గర దొరుకుతుందో, ఎవరు ట్యాంకరు ఆలస్యం చేస్తారో ఆయన నాలుక చివర ఉంటుంది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు నాలుగైదు కంపెనీల్లో పెద్ద సీట్లలో ఉన్నారు. వాళ్లకు ఫోను చేసి ఎంతకాలమైందని అడిగితే, పని లేకుండా ఫోను చేస్తే ఏం బాగుంటుంది అన్నారు. పని పడ్డాక చేస్తే అసలే బాగుండదు.

క్యాంటీన్ నడిపే ఆయన మా మాటలు విని తన తమ్ముడి కొడుకు సంగతి తెచ్చాడు. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, లక్ష జీతం, టూరిస్టు వీసా మీద రమ్మన్నారు, ఇంటర్వ్యూ లేదు. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇలాగే బ్యాంకాక్‌లో దిగినవాళ్లను మయన్మార్ సరిహద్దు దాటించి సైబర్ మోసాలు చేయించిన వార్తలు మన పత్రికల్లో ఎన్ని రాలేదు! వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడమన్నాను. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా జీఎస్టీ కాక 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. ఇతను అడిగింది లక్షా యాభై వేలు. అబ్బాయి పాస్‌పోర్టు ఇంకా చేతిలోనే ఉందంటే కాస్త ఊపిరి వచ్చింది. ఏజెంటుకు ఇవ్వవద్దని ఇప్పుడే ఫోను చేయమన్నాను. చేశాడు.

రాత్రి ఎనిమిదింటికి విశాఖ నుంచి మా అక్క కొడుకు ఫోను. బెంగళూరులో ఆఫరు వచ్చిందని పండగకు చెప్పాడు. ఈ రోజు ఆఫరు పత్రం పంపించాడు.

"పిన్నీ, పద్నాలుగు లక్షలు. నెలకు లక్షా పదహారు వేలు!"

"ఉండు నాన్నా, పత్రం చూడనీ."

పన్నెండో పేజీలో ఉంది అసలు సంగతి. బేసిక్ ఏడు లక్షలు. కంపెనీ వేసే పీఎఫ్ 84,000 ఆ పద్నాలుగులోనే. గ్రాట్యుటీ అని బేసిక్ మీద 4.81 శాతం, అంటే 33,670, అదీ అందులోనే. అయిదేళ్లు ఉంటేనే చేతికొచ్చే డబ్బును ఈ ఏడాది జీతమని చూపించడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఆరోగ్య బీమా 12,000. పనితీరును బట్టి ఇచ్చేది 1,40,000. ఇవన్నీ తీసేస్తే నెలకు 94,194. అందులో తన వాటా పీఎఫ్ 7,000, వృత్తి పన్ను 200 పోతే చేతికి 87,000కు అటూ ఇటూ. ఇప్పుడు విశాఖలో ఇంటి నుంచే పనిచేస్తూ 78,000 తీసుకుంటున్నాడు. అద్దె లేదు, అక్క వంట.

అవతల ఒక నిమిషం మాట లేదు. "అయితే వద్దంటావా పిన్నీ?"

వద్దని ఎందుకంటాను? ఇరవై ఆరేళ్లవాడు అమ్మ చేతి ముద్ద కోసం ఉన్నచోటే ఉండిపోవాలని నేననుకోను. ఇప్పుడు చేస్తున్నది రెండేళ్లుగా ఒకే టెస్టింగ్ పని. అక్కడ బ్యాంకుల చెల్లింపుల వ్యవస్థను కట్టేవాళ్లతో కూర్చోబెడతామంటున్నారు. ఆ పని కోసం వెళ్లాలి. పద్నాలుగు లక్షల కోసమైతే బెంగళూరు అద్దె మొదటి నెలలోనే ఆ తేడాను మింగేస్తుంది. ఇదే చెప్పాను. వెళ్లే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగమన్నాను. ఒకటి, ఆ 1,40,000లో పోయిన ఏడాది వాళ్ల ఉద్యోగులకు మామూలుగా ఎంత ఇచ్చారు, చెల్లించే తేదీ నాటికి ఉద్యోగంలో ఉంటేనే ఇస్తారా, కొంత భాగం స్థిర జీతంలోకి మారుస్తారా. రెండు, చేరినప్పుడు ఇచ్చే లక్ష రూపాయల బోనసు ఏడాదిలోపు మానేస్తే వెనక్కి ఇవ్వాలని ఉంది. మొత్తమా, మిగిలిన నెలలకు మాత్రమేనా అన్నది లేదు. చేతికి వచ్చేది పన్ను కోసుకున్నాక, వెనక్కి అడిగేది పూర్తి లక్ష. మూడు, వాళ్ల నోటీసు ఎన్ని రోజులు.

"ఇన్ని అడిగితే ఆఫరు వెనక్కి తీసుకోరు కదా?"

ప్రశ్న అడిగినందుకు ఆఫరు రద్దు చేసే కంపెనీ అయితే ఆ సంగతి చేరకముందే తెలియడం మేలు అన్నాను. తొమ్మిదిన్నరకు మెయిల్ రాసి పంపాడు, చూడమని. మొదటి పేరా అంతా క్షమాపణలే. అది తీసేశాను. 'దయచేసి' నాలుగు చోట్ల ఉంటే ఒక్కటి ఉంచాను. ప్రశ్నలకు అంకెలు వేశాను. ఇప్పటి కంపెనీలో రాజీనామా మాత్రం వీళ్ల జవాబు వచ్చేదాకా పంపవద్దని, ఈ మెయిల్ రేపు ఉదయం పదింటికి పంపమని చెప్పి ఫోను పెట్టేశాను.