మూడుసార్లు వెనక్కొచ్చిన సినాప్సిస్: అనిమే మీద డిసర్టేషన్ రాసిన కథ

నిన్న మధ్యాహ్నం రెండున్నరకి వైవా అయిపోయింది. మార్కుల మెమో ఇంకా రాలేదు. ఎక్స్‌టర్నల్ మేడమ్ సంతకం పెట్టేశారు కాబట్టి ఇక నన్నెవరూ ఏమీ చేయలేరన్న ధైర్యంతో రాస్తున్నాను. కోపం చల్లారకముందే రాయాలి, లేకపోతే నేను కూడా అందరిలాగే "మా డిపార్ట్‌మెంట్ చాలా సపోర్ట్ చేసింది" అని రాసేస్తాను.

జర్నలిజం పీజీ, చివరి సెమిస్టర్. నా టాపిక్: కొన్ని అనిమే పాత్రలు, అంటే జపాన్ యానిమేషన్ పాత్రలు, చూసినవాళ్లకి ఎందుకు గుర్తుండిపోతాయి. గైడ్ దొరకడం తేలికే అయింది, ఖాళీగా ఉన్నది ఆయనొక్కరే. ఫీజు కట్టడం, ఫారం నింపడం ఒక పూట పని. అసలు కథ సినాప్సిస్, అంటే డిసర్టేషన్‌లో ఏం చేస్తామో ముందే చెప్పే కాగితం, దాని సెమినార్ దగ్గర మొదలైంది.

సెమినార్ హాల్లో నలుగురు కూర్చున్నారు. వాళ్ల ముందు సమోసాలు, టీ. నా దగ్గర పద్దెనిమిది స్లైడ్లు. మొదటి స్లైడ్ మీద నరుటో సిరీస్‌లోని ఇటాచీ బొమ్మ, వెనక ఎర్రటి చందమామ. రాత్రి రెండింటి దాకా కూర్చుని చేసుకున్నాను. మూడో స్లైడ్ దాటకముందే చివర కూర్చున్న సీనియర్ ప్రొఫెసర్ చెయ్యి ఎత్తారు.

"ఏమ్మా, గుర్తుండిపోవడం అంటే ఏమిటి?"

"అంటే సార్... మర్చిపోకపోవడం సార్."

వెనక బెంచీల్లో నవ్వు. నా క్లాస్‌మేట్లే. వాళ్లలో ఇద్దరు నా నోట్సు రాసుకుని పాసైనవాళ్లు, అది వేరే సంగతి.

"ఎవరు మర్చిపోలేదు? ఎన్నాళ్లు మర్చిపోలేదు? ఎట్లా కొలుస్తావు? నీకు నచ్చినవాళ్ల లిస్టు రాసుకొచ్చి రీసెర్చ్ అంటే సరిపోతుందా?"

నేను మైకు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఆయన సమోసా విరిచి, లోపలి బఠానీ పక్కకి తీసి, అప్పుడు మళ్లీ అన్నారు. "మా మనవడు చూస్తుంటే నేనూ చూశాను. అందరి మొహాలూ ఒకటే. జుట్టు తీసేస్తే ఎవరెవరో నువ్వు చెప్పగలవా? పోనీ బొమ్మలు కదులుతాయా అంటే అదీ లేదు. ఐదు నిమిషాలు అలాగే నిలబడి ఉంటారు, నోరొక్కటే ఆడుతుంది. కదలని బొమ్మని మనిషి ఎందుకు గుర్తుపెట్టుకుంటాడు? చెప్పు."

ఇక్కడ నేను చేసిన తప్పు ఒప్పుకోవాలి. "స్టోరీ బాగుంటుంది సార్, ఎమోషన్స్ కనెక్ట్ అవుతాయి" అన్నాను. ఆయన పక్కాయన వైపు తిరిగి "కనెక్ట్ అవుతాయట" అన్నారు. అంతటితో ఆగినా బాగుండేది.

"మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"ఎరువుల షాపు సార్."

"ఊఁ. కష్టపడి కడుతున్నారు కదా ఫీజు."

అంతే. ఆ మాట తర్వాత స్లైడ్లు ఎలా మూశానో, పెన్‌డ్రైవ్ తీసుకున్నానో లేదో కూడా గుర్తు లేదు. తీసుకోలేదు, అటెండర్ గారు సాయంత్రం ఇచ్చారు. హాస్టల్‌కి వెళ్లి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నాన్న ఫోన్ చేస్తే ఎత్తలేదు. సినాప్సిస్ మీద ఎర్ర ఇంకుతో "నాట్ క్లియర్" అని రాసి పంపారు.

రెండోసారి సైకాలజీ పుస్తకంలోంచి జ్ఞాపకశక్తి నిర్వచనాలు దింపుకుని వెళ్లాను. "ఈ పుస్తకం మా దగ్గరా ఉందమ్మా" అని వెనక్కిచ్చారు. మూడోసారి టైటిల్లో "అనిమే" ఉందని ఇచ్చారు. "జపాన్ యానిమేషన్ చిత్రాల్లో పాత్రల రూపకల్పన: ఒక పరిశీలన" అని మారిస్తే సరిపోయింది. మీరెవరైనా ఇలాంటి టాపిక్ తీసుకుంటే టైటిల్ చివర "ఒక పరిశీలన" తగిలించండి. లోపల ఏముందో తర్వాత ఎవరూ చూడరు.

రెండోసారికీ మూడోసారికీ మధ్య ఒకటి జరిగింది. జుట్టు తీసేస్తే చెప్పగలవా అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. కసితోనే పన్నెండు పాత్రల బొమ్మలు తీసుకుని, కంప్యూటర్‌లో లోపలంతా నలుపు నింపేశాను. మొహం లేదు, రంగు లేదు, నీడలాంటి ఆకారం మాత్రమే. కొన్నిటికి జుట్టు కూడా చెరిపేశాను. గేటు ముందున్న జిరాక్స్ షాపులో ప్రింట్ ఇచ్చాను. అక్కడ కూర్చునే కుర్రాడు ఇంటర్ తప్పాడు, సప్లిమెంటరీ కడతానంటాడు, కట్టడు.

మొదటి కాగితం బయటికి రాగానే వాడి మొహం మారిపోయింది. "అక్కా, ఇంత నలుపా? టోనర్ అయిపోద్ది. పేజీకి ఎక్స్‌ట్రా పడుద్ది."

"సరే కానియ్."

రెండోది వచ్చింది. వాడు కాగితం ఎత్తి చూసి, "ఇది జోరో" అన్నాడు. నేనేమీ అడగలేదు. "నోట్లో కత్తి ఉందిగా. ఇది లూఫీ, టోపీ. ఇది గోకు." మొదటి ఇద్దరూ వన్ పీస్‌లో సముద్రపు దొంగలు, గోకు డ్రాగన్ బాల్ హీరో. జుట్టు చెరిపేసిన గోకు బొమ్మ వచ్చేసరికి ఆగాడు. అటూ ఇటూ తిప్పి, "జుట్టు లేకపోతే ఎవడైనా క్రిలిన్ కదక్కా" అన్నాడు. క్రిలిన్ అంటే గోకు స్నేహితుడు, గుండువాడు. పగలబడి నవ్వాను, ఆ నెలలో మొదటిసారి. అంటే ప్రొఫెసర్ గారి మాట నిజమే! జుట్టు తీస్తే గోకు లేడు. అంటే అతని గుర్తంతా ఆ జుట్టులోనే ఉంది. ఆయన దాన్ని లోపమనుకున్నారు, నేనూ సెమినార్లో అలాగే అనుకుని తల దించుకున్నాను.

గొంతుక్కూర్చున్న ఆకారం చూడగానే "ఎల్" అన్నాడు. డెత్ నోట్ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ డిటెక్టివ్ కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటాడు, మామూలుగా కూర్చుంటే తన ఆలోచనాశక్తి 40 శాతం పడిపోతుందంటాడు. దాని పక్కనే లైట్ బొమ్మ, ఆ కథకి హీరోయో విలనో మీరే చెప్పాలి. అది మాత్రం వాడికి తెలియలేదు. "ఎవరో కాలేజీ కుర్రాడు" అన్నాడు. పేరు చెప్పగానే ఎగిరి గంతేశాడు. "చిప్స్ తినేవాడా!"

పేరు రాస్తే ఆ మనిషి చచ్చిపోయే నోట్‌బుక్కుతో సిరీస్‌లో లైట్ ఎంతమందిని చంపాడో లెక్క లేదు. ప్రపంచానికి దేవుడినవుతానంటాడు. జిరాక్స్ కుర్రాడికి గుర్తున్నది మాత్రం గదినిండా నిఘా కెమెరాలుండగా, చిప్స్ ప్యాకెట్లో చిన్న టీవీ దాచి, ఒక చేత్తో లెక్కలు చేస్తున్నట్టు నటిస్తూ మరో చేత్తో పేర్లు రాసి, ఒక చిప్ తీసి ప్రళయం వచ్చినంత హడావిడిగా నోట్లో వేసుకునే సీను. ఆ రాత్రి హాస్టల్లో ఎవరిని అడిగినా అదే చెప్పారు.

అక్కడినుంచి నాకు పిచ్చి పట్టింది. ఈ నిలబడి ఉండే బొమ్మలు ఎక్కడినుంచి వచ్చాయి? వెతికితే 1963 జనవరి 1 దగ్గర తేలింది. బొమ్మల కథలు గీసే తెజుకా ఒసాము తన ఆస్ట్రో బాయ్ సీరియల్‌ని ఆ రోజు జపాన్ టీవీలో మొదలుపెట్టాడు. వారానికో అరగంట ఎపిసోడ్, చేతిలో డబ్బులేదు, మనుషులు లేరు. సెకనుకి 24 ఫ్రేములు నడవాలి. డిస్నీవాళ్లు మామూలుగా ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు వాడితే సెకనుకి పన్నెండు బొమ్మలు కావాలి. జపాన్‌లో ఒక్కో బొమ్మని మూడు ఫ్రేములు ఆపి ఎనిమిదితో సరిపెట్టడం అలవాటైంది. చాలాచోట్ల అదీ లేదు. ఒకే బొమ్మని అలా నిలబెట్టి నోరు మాత్రమే ఆడించారు, ఎగిరే సీనుల్ని దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడారు. బొమ్మ కదలనప్పుడు ఆ నిలబడ్డ తీరులోనే మనిషి మొత్తం కనబడాలి. జుట్టు, టోపీ, కూర్చునే పద్ధతి, ఇవన్నీ ఆ అవసరానికి పనికొచ్చేవే. కదలని బొమ్మని మనిషి ఎందుకు గుర్తుపెట్టుకుంటాడని ఆయన అడిగారు. అది కదలదు కాబట్టే, చూడ్డానికి టైముంటుంది కాబట్టే.

ఇంకోటి చదివి కుర్చీలోంచి లేచిపోయాను. గోకు బలం పెరిగి సూపర్ సైయన్ అయినప్పుడు జుట్టు బంగారు రంగులోకి మారుతుంది కదా, ప్రపంచమంతా స్కూలు పిల్లలు నోట్‌బుక్కుల వెనక గీసుకున్న జుట్టు. దాన్ని గీసిన తొరియామా అకిరాయే చెప్పాడు: మాంగా, అంటే జపాన్ కామిక్స్, నలుపు-తెలుపులో ఉంటుంది, ప్రతి పేజీలో గోకు జుట్టుకి సిరా నింపడానికి అసిస్టెంట్‌కి బోలెడు టైము పడుతోంది, ఖాళీగా వదిలేస్తే ఆ పని తప్పుతుందని. అంటే జిరాక్స్ కుర్రాడి గోలే! ఈ సంగతి వాడికి చెబితే, "మరి ఆయన పోయినప్పుడు స్టేటస్ పెట్టానక్కా నేను" అన్నాడు. 2024 మార్చిలో పోయాడు ఆయన.

గొంతు గురించి ఒక చాప్టర్ రాశాను, అది నాకు ఇష్టమైన చాప్టర్. చిన్నప్పుడు స్కూల్నుంచి రాగానే తెలుగులో మాట్లాడే రోబో పిల్లి డోరేమాన్ని చూసినవాళ్లం మేమంతా. ఆ గొంతు వినబడితే ఇప్పటికీ అన్నం కలిపి పెట్టే అమ్మ చెయ్యే గుర్తొస్తుంది. జపాన్‌లో డోరేమాన్‌కి 1979 నుంచి 2005 దాకా ఒయామా నొబుయో ఒక్కరే మాట్లాడారు. గోకుకి 1986 నుంచి నొజావా మసాకో. ఆమె పుట్టింది 1936లో. గోకు పెద్దవాడై పెళ్లి చేసుకున్నా అదే గొంతు, అతని కొడుకు గోహాన్‌కీ ఆవిడే. హీరోకి కండలు పెరిగాయి గానీ గొంతులో చిన్నపిల్లాడు అలాగే ఉండిపోయాడు. గోకు మీద ఎంతకీ కోపం రాకపోవడానికి కారణం అదేనని నేను రాశాను. గైడ్ గారు పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. నేను తీయలేదు.

అసలు గొంతే లేనివాడు కావోనాషి. దర్శకుడు మియాజాకి 2001లో తీసిన స్పిరిటెడ్ అవేలో నల్ల ముసుగు, తెల్ల మొహం, "ఆ... ఆ..." తప్ప సొంతమాట లేదు. ఆ సినిమాకి ఆస్కార్ వచ్చింది 2003లో. జపాన్‌లో దాని వసూళ్ల రికార్డుని బద్దలుకొట్టింది 2020 నాటి డెమన్ స్లేయర్ సినిమా. అందులో రాక్షసుల్ని చంపే రెంగోకు రైల్లో కూర్చుని డబ్బాల మీద డబ్బాలు భోజనం చేస్తూ ప్రతి ముద్దకీ "ఉమాయ్!" అని అరుస్తాడు. బాగుంది, బాగుంది అని. చివరికి ఏమవుతుందో చూడనివాళ్ల కోసం చెప్పను. చూసినవాళ్లని అడిగితే మాత్రం యుద్ధం కంటే ముందు ఆ భోజనం గురించే చెప్పారు.

మిగతా దశలు ఒక్కో ముక్కలో. గూగుల్ ఫారం పెట్టి ఇన్‌స్టా గ్రూపుల్లో పంచకండి, సగంమంది జుజుట్సు కైసెన్‌లోని గోజో అని రాసి పోతారు, కారణం అడిగితే కళ్లు అంటారు. ఎదురుగా కూర్చోబెట్టి నల్ల బొమ్మలు చూపించండి. గైడ్ ఫోన్లో "ఓకే" అంటే అది ఓకే కాదు, కాగితం మీద సంతకం తీసుకోండి. కాపీ చెకింగ్ సాఫ్ట్‌వేర్లో పది శాతం దాటకూడదన్నారు. నాది దాటింది, ఎందుకంటే జపాన్ పేర్లన్నిటినీ దొంగతనం కింద లెక్కేసింది. లైబ్రరీలో ఆ సాఫ్ట్‌వేర్ దగ్గర కూర్చునే ఆయన మధ్యాహ్నం పన్నెండు తర్వాత ఎవరికీ ఏదీ వివరించడు. పొద్దున్నే వెళ్లండి.

ఇక వైవా. ఎక్స్‌టర్నల్ మేడమ్ జానపద కళల మనిషి. నల్ల బొమ్మలు తిరగేసి, "తోలుబొమ్మలాట చూశావా?" అని అడిగారు. చూడలేదన్నాను, నిజమే చెప్పాను. "రాముడు వచ్చినప్పుడు జనం టీ తాగడానికి లేచేవారు. జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తే మాత్రం పరిగెత్తుకుంటూ వచ్చి కూర్చునేవారు. వాళ్ల ఆకారం తెర మీద పడగానే నవ్వు" అన్నారు. ఆ తర్వాత పది నిమిషాలు ఆవిడే మాట్లాడారు, నేను తలూపాను. ఇన్నేళ్ల సర్వీసులో ఒక పీజీ విద్యార్థి చేసిన పనికి ఇంతసేపు ఆగడం ఇదే మొదటిసారి అన్నారు. ఈ వాక్యం ఇక్కడ రాయకుండా ఉండలేకపోయాను.

పక్కనే కూర్చున్న మన సమోసా ప్రొఫెసర్ గారు అందుకున్నారు. "ఈ జుట్టు పాయింటు, కదలకపోవడం పాయింటు, రెండూ సినాప్సిస్ అప్పుడే నేను సజెస్ట్ చేశానండీ."

నోరు తెరిచి మూసుకున్నాను. ఏమనాలి? అబద్ధమూ కాదు. ఆ రెండు ప్రశ్నలూ ఆయనవే. మా నాన్న ఫీజు గురించి అడిగిన మూడో ప్రశ్న మాత్రం ఆయన సజెషన్ల లిస్టులో లేదు.

బయటికి రాగానే గైడ్ గారు మెల్లిగా, కృతజ్ఞతల పేజీలో సార్ పేరు లేదు, చేర్చేయమ్మా అన్నారు. బైండింగ్ అయిపోయింది, నల్ల రెక్సిన్ మీద బంగారు అక్షరాలు. మళ్లీ జిరాక్స్ షాపుకి వెళ్లాను. కుర్రాడు బ్లేడుతో పాత పేజీని కుట్టు దగ్గర సన్నగా కోసి, అరంగుళం అంచు వదిలి, దానికి గమ్ రాసి కొత్త పేజీ అతికించాడు. నాలుగు కాపీలు. అతికిస్తూ పేజీ చదివాడు.

"అందరి పేర్లూ ఉన్నాయి, నాదేదక్కా?"

మళ్లీ టైప్ చేయించాను. స్పెల్లింగ్ తనే సరిచేసుకున్నాడు. మూడో ప్రింటుకి గానీ వాడికి నచ్చలేదు. టోనర్ ఎక్స్‌ట్రా మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు.